మూడోసారి అడిగినందుకు

ఎస్ఫంద్ 28

రేపు ప్రయాణం. మినీబస్సు కడిగాను. టైర్లలో గాలి, ఇంజన్ ఆయిల్, గ్యాస్ సిలిండర్, నీళ్ల ట్యాంకు చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. లోపలి సీట్లు పీకించి మంచాలు, పొయ్యి, ఫ్రిజ్ పెట్టించి పంతొమ్మిదేళ్లయింది. అప్పట్నుంచీ ఎస్ఫంద్ నెలతో ఏడాది ముగిసి కొత్త సంవత్సరం వచ్చే ప్రతి నౌరోజ్‌కూ కెర్మాన్ చలి వదిలేసి కెష్మ్ దీవికి పోవడం మా ఇంటి అలవాటు.

ఈసారి వద్దన్నాను. రోషనక్ వినలేదు. అమ్మ లేకపోతే సముద్రం ఎండిపోయిందా నాన్నా అంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు కొళాయి తిప్పి ఉంచింది. గిన్నెల చప్పుడు మాత్రం రాలేదు.

నలుగురం వెళ్తున్నాం. నేను, కూతురు రోషనక్, అల్లుడు సియామక్, ఆరేళ్ల మనవరాలు గుల్నార్.

డ్రైవర్ పక్క సీటు ఖాళీగా ఉంటుంది. అది మా ఆవిడ ఫరంగీస్‌ది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకుంటాను.

ఎస్ఫంద్ 29

అక్కర్లేకపోయింది. ముగ్గురూ వెనకే ఎక్కారు. సిర్జాన్ దగ్గర గుల్నార్ ముందుకొస్తానంది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. అద్దంలో చూశాను. చూడనట్టు ఉన్నాను.

సియామక్ ఏదో జోకు వేశాడు. ఎవరూ నవ్వలేదు. ఇంకాసేపటికి, అది జోకే అని చెప్పాడు.

ఆ సీట్లో ఒక దిండు ఉంది. నడుము నొప్పికని ఫరంగీస్ తనే కుట్టుకుంది. ఆర్నెల్లుగా దాన్ని ఎవరూ కదపలేదు.

ఫర్వర్దీన్ 1

కొత్త సంవత్సరం బందర్ అబ్బాస్ దారిలో వచ్చింది. బండి పక్కకు ఆపాను. పొయ్యి మీద గుడ్డ పరిచి రోషనక్ పండుగ వస్తువులు ఏడూ పేర్చింది. లెక్కపెడితే ఆరే ఉన్నాయి. వెల్లుల్లి ఇంట్లో మర్చిపోయింది. ఏటా అది తెచ్చేది వాళ్లమ్మ. పక్కనే ఆగిన లారీ డ్రైవర్‌ని అడిగితే, పండుగ నాడు మీకు లేదనగలనా అని మూడు గడ్డలు ఇచ్చాడు.

సంవత్సరం మారిందని రేడియోలో ఫిరంగి మోగింది. ఒకరినొకరు ముద్దు పెట్టుకున్నాం. గుల్నార్ లారీ డ్రైవర్‌కి కూడా పెట్టింది.

ఫర్వర్దీన్ 2, ఉదయం

తప్పు చేశాను. వివరంగా రాస్తాను.

దీవికి పోయే బల్లకట్టు కోసం రేవులో బళ్లు బారులు తీరి ఉన్నాయి. మా ముందున్న కారు కదలకుండా నిలిచిపోయింది. క్లచ్ పోయిందట. ఇరజ్ అనే అతను, అతని భార్య, అతని మేనత్త దిగారు. ఆ మేనత్త పేరు తూబా ఖానుమ్. రఫ్సంజాన్ మనిషి. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు కాన్పులు చేసి రిటైరయింది. డెబ్బై దాటి ఉంటుంది. ఒక చేతిలో పిస్తాల సంచి, ఒక చేతిలో చేతికర్ర. నిలబడలేక కారు బంపర్ మీద కూలబడింది. దీవిలో వాళ్లకు గది లేదు, డేరా వేసుకుందామని వచ్చారు. బాగుచేసేదాకా ఇరజ్, అతని భార్య కారు దగ్గరే ఉండాలి.

మర్యాదకు అడిగాను. బండి బాగయ్యేదాకా మాతో రండి ఖానుమ్, ఈ బండి మీదే అనుకోండి అన్నాను. అయ్యో మీకు బరువు కదా అంది. పద్ధతి ప్రకారం రెండోసారి అన్నాను. పిల్లలకు ఇరుకవుతుంది వద్దంది. అక్కడికి ఇద్దరి మర్యాదా తీరిపోయింది.

ఎప్పుడైనా రెండోసారి అయ్యాక ఫరంగీస్ నా మోచెయ్యి గిల్లేది. అది ఆపమనడం. మూడోసారి అడిగితే నిజంగా అడిగినట్టే. మా ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఆ పని ఆమెది.

ఎవరూ గిల్లలేదు. మీరు రాకపోతే నేనూ రేవు దాటను ఖానుమ్, అనేశాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. అంతగా అంటుంటే కాదనడం పాపం ఇంజనీరు గారూ అంది. మర్యాదకు ఎవర్నైనా ఇంజనీరనడం మా వైపు అలవాటే. వెనక తలుపు మెట్టు ఎత్తుగా ఉందని ముందు తలుపు తీసుకుని ఎక్కింది.

ఫర్వర్దీన్ 2, మధ్యాహ్నం

ఆ సీట్లో కూర్చుంది. దిండు తీసి మోకాలి కింద పెట్టుకుంది.

ఫర్వర్దీన్ 3

ఆవిడ నోరు మూతపడదు. మాట్లాడనప్పుడు పిస్తాలు పగలగొడుతుంది. డాష్‌బోర్డ్ నిండా చిప్పలు.

దారి పక్కన కనిపించిన బోర్డులన్నీ పైకి చదివింది. నేను మూడో గేరు వేస్తే రెండోది చాలంది. గుంతలో పడితే, ఇంజనీరు గారూ, రోడ్డంతా బాగుంటే ఈ ఒక్క గుంత మీద మీకెందుకంత ప్రేమ అంది. మీకు కారు నడపడం వచ్చా అని అడిగాను. రాదు గాని బిడ్డలు బయటికొచ్చే దారి తెలుసు, ఈ రోడ్డు దానికంటే వెడల్పేగా అంది.

వెనక రోషనక్ నవ్వింది. మెహర్ నెలలో వాళ్లమ్మ పోయాక ఆ నవ్వు వినడం ఇదే. అందుకే ఏమీ అనలేకపోయాను.

సముద్రం ఒడ్డున బండి ఆపాక రోషనక్ నా పక్కకు వచ్చింది. ఆ సీటు సంగతి ఆవిడకి చెప్పనా నాన్నా అని మెల్లగా అడిగింది. పెద్దావిడ, అతిథి, వద్దన్నాను. రేపు వెళ్లిపోతుందిగా.

ఫర్వర్దీన్ 4

వెళ్లదు. ఇరజ్ ఫోన్ చేశాడు. పండుగకు మెకానిక్‌లందరూ ఊళ్లకు పోయారట. ఆరో తారీఖుకు గాని రారట.

ఆవిణ్ని వెనక్కి పంపడానికి నేను చేసిన ప్రయత్నాలు:

ఎండ మీ వైపే కొడుతోంది ఖానుమ్, వెనక నీడగా ఉంటుందన్నాను. మీరు ఎండలో ఉంటే నేను నీడలో కూర్చోనా, అంత మనిషిని కాదంది.

సియామక్‌ని పంపాను. వెనక మంచం మీద కాళ్లు చాపుకోవచ్చు అత్తయ్యా అన్నాడు. నా కాళ్లు చాపితే నువ్వు కిటికీలోంచి బయటికి పోతావు నాయనా అంది. సియామక్ వెనక్కి వచ్చి, ఓడిపోయాను మామయ్యా అన్నాడు. సిగ్గులేకుండా నవ్వుతున్నాడు.

ముందు తలుపు గొళ్లెం సరిగా పడటం లేదని అబద్ధం ఆడాను. అయితే మీరు జాగ్రత్త, పడేది నేనే, నింద వచ్చేది మీకు అంది.

ఫర్వర్దీన్ 5

ఇవాళ పొయ్యి దగ్గర యుద్ధం. పల్లెలో సియామక్ పెద్ద చేప కొనుక్కొచ్చాడు. చింతపండు పులుసు పెడదామని రోషనక్ దాన్ని కోసింది. తూబా ఖానుమ్ చేతికర్రతో గిన్నె వైపు చూపించింది. కొత్తిమీర చాలదంది. మెంతికూర ఎక్కువైందంది. కారం నేను వేస్తానంది. వేసింది.

అందరికీ కళ్లలో నీళ్లు. గుల్నార్ పెరుగు గిన్నెలో నాలుక ముంచింది. సియామక్ పరుగెత్తి సముద్రంలోకి దిగాడు. బట్టలతోనే. తూబా ఖానుమ్ మాత్రం చెమట తుడుచుకుంటూ మూడోసారి వడ్డించుకుంది. చప్పగా ఉంది అమ్మాయీ, మొహమాటపడి ఊరుకున్నాను అంది.

నవ్వాను. పొరపాటున కాదు. రెండుసార్లు.

ఫర్వర్దీన్ 6

గుల్నార్ చెప్పేసింది.

బయలుదేరబోతున్నాం. ఆవిడ ముందు తలుపు తీసింది. అది మా అమ్మమ్మ సీటు, అంది గుల్నార్. కోపంగా కాదు. సముద్రం నీలంగా ఉంది అన్నంత మామూలుగా. అమ్మమ్మ ఎక్కడుంది తల్లీ అని ఆవిడ అడిగింది. చచ్చిపోయింది, అంది.

తూబా ఖానుమ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. నా వైపు చూసింది. నేను స్టీరింగ్ చూశాను.

చేతికర్ర పక్కన పెట్టి డాష్‌బోర్డ్ మీది చిప్పలన్నీ ఒక్కొక్కటీ ఏరి చాదర్ కొంగులో వేసుకుంది. దిండు దులిపి, దాని చోట అది పెట్టింది. ఎత్తు మెట్టు ఉన్న వెనక తలుపు దగ్గరికి వెళ్లింది. సియామక్ చెయ్యిచ్చి ఎక్కించాడు.

నేను కోరుకున్నది జరిగింది.

ఫర్వర్దీన్ 6, సాయంత్రం

నలభై కిలోమీటర్లు. బోర్డులు ఎవరూ చదవలేదు. తిరగాల్సిన మలుపు దాటిపోయాను. మూడు గుంతల్లో పడ్డాను. వెనకనుంచి ఒక్క మాట లేదు.

సీటు ఖాళీగా ఉంది. అందులో ఫరంగీస్ లేదు. నిన్నటిదాకా, ఆవిడ కూర్చున్నప్పుడు, ఉన్నట్టే అనిపించింది. అది ఎందుకో రాయలేను.

ఫర్వర్దీన్ 7

పొద్దున టీ ఇచ్చి, ముందుకొచ్చి కూర్చోండి ఖానుమ్ అన్నాను. వద్దంది. రెండోసారి. మూడోసారి. నాలుగు, ఐదు. ఇది మర్యాదకు కాదండీ, నిజంగా అడుగుతున్నానన్నాను. కాన్పు గదిలో కూడా నన్నెవరూ ఇంత బతిమాలలేదు అంది. అయినా రాలేదు. తెలియక కూర్చున్నాను ఇంజనీరు గారూ, తెలిసి కూర్చుంటే దొంగనవుతాను అంది.

మధ్యాహ్నం ఇరజ్ కారు వేసుకుని వచ్చాడు. ఆవిడ దిగేటప్పుడు మిగిలిన పిస్తాల సంచి నా చేతికిచ్చింది. వద్దనాలి. రెండుసార్లు వద్దని, మూడోసారి సిగ్గుపడుతూ తీసుకోవాలి. మొదటిసారే తీసుకున్నాను.

ఆవిడ కారు తలుపు పట్టుకుని పడీ పడీ నవ్వింది. ఈయనకు భార్య అన్నీ నేర్పింది, ఇది తప్ప అని ఇరజ్‌తో అంది. కారు కదిలేదాకా నవ్వుతూనే ఉంది.

ఫర్వర్దీన్ 8

నలుగురమే మిగిలాం. దీవి తూర్పు కొస చూశాం. ఇక ఒడ్డు వెంబడి పడమటికి తిరగాలి. బండి ఎక్కబోతూ, ముందుకొచ్చి కూర్చో అని రోషనక్‌తో అన్నాను.

వద్దు నాన్నా, వెనక బాగానే ఉంది అంది. మళ్లీ అన్నాను. గుల్నార్‌కి వాంతి వస్తుందేమో, దగ్గరుండాలి అంది. గుల్నార్ అప్పుడు ఉప్పు చేప తింటోంది. మూడోసారి అన్నాను. ఈసారి లెక్కపెట్టుకునే అన్నాను.

రోషనక్ మెట్టు మీద కూర్చుండిపోయింది. నా వల్ల కాదు నాన్నా అంది. నీకోసం వెనక కూర్చుంటున్నానని అనుకుంటున్నావు కదా, కాదు, నాకోసమే అంది. ఆ దిండు ముట్టుకోలేకపోతున్నానంది. తూబా ఖానుమ్ కూర్చున్నాక హాయిగా ఉండింది, ఎవరో ఒకరు కూర్చున్నారు, అది నేను కానక్కర్లేదు అనుకున్నాను అంది.

ఆర్నెల్లుగా ఇది నా ఒక్కడి బాధే అనుకున్నాను.

సియామక్ మెల్లగా, పోనీ నేను కూర్చోనా అన్నాడు. వద్దు, అని ఇద్దరం ఒకేసారి అరిచాం. అతను ఉలిక్కిపడ్డాడు. గుల్నార్ ఎక్కిళ్లు వచ్చేలా నవ్వింది. మాకూ నవ్వొచ్చింది.

నవ్వు ఆగాక రోషనక్ చెయ్యి చాపింది. తాళాలు ఇటివ్వు, నేను నడుపుతాను, నువ్వు కూర్చో అంది. దీని క్లచ్ నీకు అలవాటు లేదన్నాను. అలవాటవుతుంది అంది. రోడ్డు ఇరుకన్నాను. ఇవ్వు నాన్నా అంది.

ఈ బండి స్టీరింగ్ పంతొమ్మిదేళ్లలో ఎవరికీ ఇవ్వలేదు. ఫరంగీస్ అడిగింది. ఒకసారి దీవికి వచ్చే దారిలో, ఒకసారి ఇక్కడే, ఇసుక మీద. నీకెందుకు శ్రమ, హాయిగా కూర్చో అన్నాను. మర్యాదగానే అన్నాను. ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

తాళాలు ఇచ్చాను.

ఫర్వర్దీన్ 9

రోషనక్ నడుపుతోంది. నేను ఈ సీట్లో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా రావడం లేదు. గుంతలు.

పడమటికి పోతున్నప్పుడు సముద్రం డ్రైవర్ వైపు ఉంటుంది. ఇక్కడ కూర్చున్నవాళ్లు దాన్ని చూడాలంటే డ్రైవర్ మొహం మీదుగా చూడాలి. ఇంకో దారి లేదు.

ఏంటి నాన్నా, అస్తమానం నన్నే చూస్తున్నావు, అంది రోషనక్.

నిన్ను కాదు, సముద్రాన్ని, అన్నాను.

ఫరంగీస్ కూడా నాతో అదే అనేది. నమ్మాను.