తగ్గిందనుకున్న బీపీ

తమ్ముడు సగింబయ్‌కి,

నారిన్ నుంచి అక్క రాస్తున్నాను. మీ బావ బతికే ఉన్నాడు. అంతకు మించి మంచి కబురేమీ లేదు.

చలికాలమంతా ఆయన బీపీ మాత్రలు సరిగ్గానే వేసుకున్నాడు. మంచు కరిగేసరికి తలనొప్పి పోయింది. "తగ్గింది మందు వల్లే, ఆపితే మళ్ళీ లేస్తుందని డాక్టరు చెప్పింది కదా" అంటే, "తగ్గిన జబ్బుకి మందేంటే? నన్నప్పుడే ముసలాణ్ణి చేస్తున్నావా?" అని నవ్వాడు. మాత్రలు ఇంట్లోనే వదిలేసి గుర్రాల్ని కొండమీది మేతకి తోలాడు. అక్కడ నేను గుర్రం పాలు పిండుతుంటే, పక్కన గుర్రప్పిల్లని పట్టుకుని నిలబడ్డ మనిషి ఉన్నచోటే కూలిపోయాడు. కిందికి దించేసరికి కుడి చెయ్యి, కాలు, మాట పడిపోయాయి.

నిన్న మీ ఆవిడ బురుల్ వచ్చి ఏడ్చింది. తలనొప్పి లేదని నువ్వూ మాత్రలు మానేశావట, మందతో కొండెక్కబోతున్నావట. మంచం మీంచి మీ బావ అంతా విన్నాడు. ఎడమ చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు, చొంగ కారింది. కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నాడు.

ఆయన చెప్పలేకపోయింది నేను రాస్తున్నాను. మాత్రలు వేసుకో నాయనా, కొండమీదికి కూడా పట్టుకెళ్ళు. రోజూ ఆయన మూతి నేను తుడుస్తున్నాను. బురుల్‌కి ఆ పని పెట్టకు.

మీ అక్క