తడిపిన గింజలు

హౌగాంగ్, సింగపూర్.

అన్నయ్యకు నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ బావగారూ క్షేమం. నువ్వు కులాసాగా ఉన్నావని నీ పార్శిల్ చూస్తేనే తెలిసింది. మనసులో బెంగ ఉన్నవాడు ఇంత తీరిగ్గా మోసం చెయ్యలేడు.

బావగారి నడుంనొప్పి ఎలా ఉందని అడిగావు. తగ్గింది. గింజల పరీక్ష ఎందాకా వచ్చిందని కూడా అడిగావు. ఫోన్ చేస్తే నువ్వు మాట మారుస్తావు, నేను అరుస్తాను. అందుకే ఈ ఉత్తరం.

మా ల్యాబులో పైన్ గింజలను ఎలా వేరుచేస్తామో నేనే నీకు చెప్పాను. కిందినుంచి గాలి కొడితే తాలు గింజ ఎగిరిపోతుంది, పప్పున్నది కిందే ఉంటుంది. నువ్వు అంతవరకే విన్నావు. చింతపల్లి కొండల్లో నారు పెంచే ఏడుకొండలు గారి సంఘానికి అమ్మబోయే గింజల్లో తాలూ, పాతబడి చచ్చినవీ కలిపి, గాలికి ఎగరకుండా బరువెక్కడానికి తడిపి నాకు పరీక్షకు పంపావు. గింజలు మంచివని నా సంతకం ఉన్న కాగితం చూపిస్తేనే వాళ్ళు కొంటామన్నారు కదా.

సంచీ విప్పిన మా ల్యాబు కుర్రాడు నిశాంత్, ఈ ఊరివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి, "వెయిట్ ఓకే లా, కానీ ఇంత తడేంటక్కా? రైన్‌లో ప్యాక్ చేశారా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

ఇక్కడికి వచ్చినప్పుడు మా కిటికీ బయట వెదురు గెడ మీద నీ లుంగీ ఎంతకీ ఆరలేదని విసుక్కున్నావు. ఈ ఊళ్ళో తడి ఆరదన్న ధైర్యంతోనే తడిపావు. ల్యాబులో ఆరబెట్టే గది ఉంది, అన్నయ్యా. చచ్చిన గింజ తూకానికి మంచిదానిలాగే ఉంటుంది, గాలికి దొరకదు. కానీ ఒకసారి తడిపి ఆరబెడితే బతికున్నది నీటిని పట్టుకుంటుంది, చచ్చినది వదిలేసి తేలికైపోతుంది. నీళ్ళలో వేస్తే సగానికి పైగా తేలాయి. తడిపే పని నువ్వే చేసి పెట్టావు. ఆశ చావక ఇంకో పిడికెడు తీసి చూశాను. అవీ తేలాయి.

ఇవి మొలవకపోతే నీళ్ళు సరిగా పోయలేదని ఆ కొండమీది ఆడవాళ్ళనే తిడతావు. ఏడాది చాకిరీ వాళ్ళది. నా పేరు చూసి నమ్మేవాళ్ళు. నీ మీద నాకు అసహ్యం వేసింది.

ఇంకో మాట. ఇది రాయకముందే ఫలితం ఏడుకొండలు గారికి పంపేశాను. ముందే చెబితే నువ్వు అమ్మ చేత ఫోన్ చేయిస్తావు. అమ్మ ఏడిస్తే నేను లొంగిపోతాను.

సంతకం ఎప్పుడు పెడతావని ప్రతి ఉత్తరంలోనూ అడిగావు. నీకు దక్కే సంతకం ఇదొక్కటే.

ఇట్లు,
నీ చెల్లెలు
కాత్యాయని