తోక పట్టుకుని చదివిన మాట

టాడ్‌మర్డెన్,
4 ఫిబ్రవరి 1974

ప్రియమైన మ్యూరియల్‌కి,

నువ్వు కులాసా అని తలుస్తాను. నాకు మాత్రం కాలూ చేయీ ఆడటం లేదు. మా ఆయన విల్ఫ్‌కి ఒకటే దగ్గు. డాక్టరు చీటీ మీద బారెడు మాట రాశాడు, బ్రాంకైటిస్ అని. ఈయనేమో "శవపేటికకి కొలతలు తీసుకోవే ఎల్సీ" అని నన్ను ఏడిపిస్తున్నాడు. పద్నాలుగేళ్లకే బడి మానేసి నూలు మిల్లులో చేరినదాన్ని, నాకేం తెలుస్తుంది? నువ్వు ముప్పై ఏళ్లు నర్సువి. వెంటనే రాయి.

నీ ఎల్సీ

విట్బీ,
7 ఫిబ్రవరి

ఎల్సీ పిల్లా,

ముందు కూర్చో. అలాంటి మాటల్ని తల దగ్గర్నుంచి చదవకు, తోక పట్టుకో. చివర 'ఐటిస్' ఉంటే వాపు, అంతే. బ్రాంకైటిస్ ఊపిరిగొట్టాల వాపు, ఆర్థ్రైటిస్ కీళ్ల వాపు. 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం. 'ఓమా' అంటే గడ్డ. అందులో మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. ఐటిస్ అయితే టీ పెట్టుకుని తాగు. ఓమా అయితే నాకు రాయి.

పాత క్యాలెండరు వెనక రాస్తున్నానని తిట్టుకోకు. యుద్ధం రోజుల అలవాటు. తెల్లగా ఉన్న వైపు పారేయడానికి చేయి రాదు.

మ్యూరియల్

టాడ్‌మర్డెన్,
25 మార్చి

ప్రియమైన మ్యూరియల్‌కి,

విల్ఫ్ లేచి తిరుగుతున్నాడు. పక్కింటి డోరిస్ లారింజైటిస్ అని గోల పెడితే "గొంతు వాపు, టీ తాగు" అన్నాను. "డాక్టరు పరీక్ష ఎప్పుడు పాసయ్యావమ్మా!" అంది.

ఈస్టర్‌కి రావడం లేదన్నావట, మీ తమ్ముడు చెప్పాడు. ఏం? నీ అక్షరాలు కూడా వంకర పోతున్నాయి. కళ్లజోడు మార్చుకోవాలేమో చూసుకో.

నీ ఎల్సీ

విట్బీ,
2 ఏప్రిల్

ఎల్సీ,

నాకు గ్యాస్ట్రైటిస్. కడుపులో వాపు. తోక చూశావుగా? టీ తాగు. ఇంటికి రంగు వేయిస్తున్నాను, మీరూ ఇటు రాకండి.

మ్యూరియల్

టాడ్‌మర్డెన్,
5 ఏప్రిల్

ప్రియమైన మ్యూరియల్‌కి,

టీ తాగాను. రెండు కప్పులు. నీ ఉత్తరం దాచబోతూ వెనక్కి తిప్పాను. ఆసుపత్రి వాళ్ల కాగితం. తెల్ల వైపు కనబడగానే రాసేశావు, రెండో వైపు ఏముందో చూసుకోలేదు.

నీ పేరు, దాని కింద బారెడు మాట. తోక పట్టుకున్నాను. ఓమా. మంచి రకమేమోనని మిగతాది కూడబలుక్కుని చదివాను. ఆపరేషన్ చేసినా లాభం లేదని ఉంది. తేదీ జనవరిది.

అంటే విల్ఫ్ దగ్గుకి నేను ఏడుస్తూ రాసేనాటికే నీకు తెలుసు. తెలిసీ నన్ను కూర్చోబెట్టి ఓదార్చావు.

ఉరిమితే బెంగ, పాలవాడు ఆలస్యమైతే బెంగ. నలభై ఏళ్లుగా అన్నిటికీ బెంగపెట్టుకున్నాను. నీ కోసం ఒక్కరోజూ పెట్టుకోలేదు. నీకూ ఏదైనా అవుతుందని తోచనే లేదు.

సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. విల్ఫ్‌ని డోరిస్ చూసుకుంటుంది. వద్దని రాయకు, అది అందేసరికి నేను ఇంట్లో ఉండను.

ఓమా అయితే రాయమన్నావుగా. రాశాను.

నీ ఎల్సీ