కాలువలో ఒట్టు, పత్రికలో త్యాగం

శుక్రవారం రాత్రి, 1964

తుఫాను ఏట నీళ్లలో కొట్టుకుపోతున్న భూస్వామి రాఘవయ్యను జాలరులే ఒడ్డుకు లాగారు. పెత్తనం చేతికొస్తే మొదటి పీట వాళ్లకే వేస్తానని ఆనాడు ఇసుకలో కూర్చుని ఏడుస్తూ అన్నాడు. ఈ వారం పంచాయతీ సమితి అధ్యక్షుడు తానే అయ్యాడు. పోటీకి నిలిచిన జాలరి సర్పంచి పోలయ్య ఎన్నిక వేళకు రానే లేదు. దాన్ని మన జిల్లా వారపత్రిక ఇవాళ సంపాదకీయంలో ‘మహాత్యాగం’ అని పొగిడింది. సాయంత్రం పోలయ్య మా బడికి వస్తే చదివి వినిపించాను.

“త్యాగమా? ఎన్నికనాడు పొద్దున్నే రాజీ మాటలంటా రాఘవయ్య మనుషులు కాలువలో పడవెక్కించినారు అయివోరా. మాటలు తెగేదాకా దిగనని వల పట్టించి ఒట్టేయించినారు. పొద్దుగూకేదాకా తెగనిస్తేనా!”

“ఈదుకుంటూ రాకపోయావా?”

“వల మీద ఒట్టు తప్పి, మళ్లా సముద్రంలోకి ఏ మొగం పెట్టుకొని పోయేది? మావోళ్లేమో అమ్ముడుపోయినానంటా ఉండారు. ఎడిటరుగోరూ ఆ పడవలోనే ఉండారే, చేపల పులుసు మెచ్చుకుంటా!”

అతను వెళ్లినప్పటి నుంచీ మనసు కుదురుగా లేదు. ఇక పోలయ్య నిజం చెప్పినా పల్లెలో ఎవరు నమ్ముతారు? తానే తప్పుకున్నాడని అచ్చులో ఉంది కదా అంటారు.

మదరాసు పత్రికలు కులాల లెక్కలు రాసి ఊరుకున్నాయి. అంత దూరాన వాళ్లకేం తెలుసు? రాఘవయ్య బుద్ధి నాకు కొత్త కాదు. కానీ అంతా కళ్లారా చూసి, ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుని, త్యాగమని రాసినవాడు ఒకడున్నాడు. నేను క్షమించలేనిది ఆ ఎడిటరునే, సుబ్బరామయ్యనే.