కాన్పుకు తెచ్చిన వంజరం

వనజక్కా,

నువ్వు నెల్లూరులో ప్రైవేటు ఆసుపత్రికి మారాక ఈ సర్కారు ఆసుపత్రిలో నర్సును నేనొక్కదాన్నే మిగిలాను. డాక్టరు పోస్టు ఖాళీ. నొప్పులతో ఎవరొచ్చినా అంబులెన్సులో మీ దగ్గరికే పంపిస్తున్నాం, ఖర్చు ప్రభుత్వమే మీవాళ్ళకు కడుతుంది. కాన్పుల గదిలో దుప్పటి మాత్రం రోజూ మారుస్తూనే ఉన్నాను.

సోమవారం అంకాలమ్మను అలాగే పంపాను. నీ చేతుల మీదే కాన్పయిందట. ఇవాళ ఆమె మొగుడు పోలేరయ్య, కాన్పు చేసినమ్మకు ఆనవాయితీగా ఇచ్చే వంజరం చేపను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నీచు వాసనని ఆడ గేటుకాడే ఆపేసినారు. మీరన్నా తీసుకోండమ్మా" అన్నాడు.

నాది కాని చేప ఎట్లా తినను? పులుసు వండి అంబులెన్సు డ్రైవరు చేత నీకే పంపిస్తున్నాను. ఖాళీ క్యారియర్లో చీటీ పెట్టు, ఆడపిల్లా, మగపిల్లాడా? పోలేరయ్యను అడగడానికి సిగ్గేసింది.

నీ పాత డ్యూటీ చెల్లి