నీలం వలదారం

వదినా,

ఫోన్ సేసినాను గానీ నీ గొంతు వినగానే పెట్టీసినాను. అందుకే లేప్‌టాప్ సంచీలో ఈ కాయితం పెట్టి పక్కింటి దేవేంద్ర సేత పంపుతన్నాను.

లేప్‌టాప్ బాగయిపోనాది. లోపల ఫేన్‌ని అదుపు సేసే బయోస్ అనే పోగ్రాం పాతదైపోయి ఫేన్ అలా మోత పెట్టీది. విండోస్ ఉంటే అందులోంచే అప్‌డేట్ సేసీవోణ్ని. దాన్ని తీసేసి నీకు లినక్స్ ఎక్కించినోణ్ని నేనే కదా. అందుకని ఓ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచి ఫార్మేట్ సేసి, కంపెనీ ఫైలు అందులో పెట్టి, దాంతోనే సెయ్యాల్సొచ్చింది.

బల్ల మీద నీలం వలదారం కట్టిన పెన్‌డ్రైవ్ ఉంటే నాదే అనుకున్నాను. మన ఇళ్లల్లో పడవ తాళం కాణ్నించి టార్చిలైటు దాకా అన్నిటికీ ఆ దారమే కడతాం కదా. లోపల ఏటున్నాదో సూడకుండా ఫార్మేట్ కొట్టీసినాను. అది నీ సంచీలోంచి జారిందని, నాది జేబులో దొరికాక గానీ తెలీలేదు.

అందులో ఉన్నవి నువ్వు సెప్పిన ఆ పాటలే, మీ అమ్మ పోయేముందు పాడినవి. శ్రీకాకుళంలో ఇద్దరు రిపేరోళ్లకి సూపించినాను. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఫేన్ మోతకి మీ అమ్మ గొంతు సరిగ్గా వినబడ్డం లేదనే కదా, నువ్వు లేప్‌టాప్ నాకిచ్చినావు. ఇప్పుడు సప్పుడే లేదు వదినా.

నీ మరిది