కానుకలు అన్న మాట దగ్గర ఆగాను

అదారు నెల 9

నిన్ను చంపడానికి తారీఖు ఖాయం చేసినవాడి చేతుల్లోంచి దేవుడు నిన్ను లాగి బయటపడేస్తే, ఆ రోజును నువ్వు ఏం చేసి గుర్తుపెట్టుకుంటావు? చెప్పు. మా యూదుల మందిరం వాళ్ళనడిగితే పాటగాణ్ణి పిలుస్తాం, మైకు పెడతాం అంటారు.

పర్షియాలో రాజుగారి మంత్రి హామాను చీట్లు వేసి మన చావుకు రోజు ఎంచాడు. మన ఆడపడుచు, రాణి ఎస్తేరు ప్రాణాలకు తెగించి రాజు ముందుకు నడిచింది. మనం బతికాం. అందుకే పూరీం, చీట్ల పండగ. ఆ కథ ఉన్న ఎస్తేరు గ్రంథపు చుట్టను పండగనాడు మందిరంలో చదివి వినిపించేది నేనే. అందులో దేవుడి పేరు ఒక్కచోటా లేదు. అయినా ప్రతి వాక్యం వెనకా ఆయన ఊపిరి నాకు వినబడుతుంది.

మందిరం వంటగదిలో ఫ్రీజర్ ఆగిపోయిందని గమలీయేలు పిలిచాడు. మందిరం పెద్దరికం ఆయనది, సోఫాల షాపూ ఆయనదే. లోపల నిండా కోళ్ళు. పేటవాళ్ళిచ్చినవి. కింద బియ్యం బస్తాలు, నూనె, ద్రాక్షారసం. ఎవరికని అడిగాను. "ఇంకెవరికి నూరియేలూ, పేదలకే. పండగ పొద్దున్నే పంచేస్తాం" అన్నాడు. సంతోషంగా కంప్రెసర్ మార్చి వచ్చాను.

అదారు 11

కింది అంతస్తు జొహరా మెట్ల మీద ఆపింది. మొగుడు ఎల్కానా పోయాక ఇదే తొలి పూరీం. అత్తగారిని విందుకు పిలిచిందట. "పిల్లల్ని సాకడం నీవల్ల కాదు, నా దగ్గర వదిలెయ్" అని ఆ ముసలమ్మ చలికాలం నుంచీ పోరుతోందట. "ఒక్కపూట నా బల్ల నిండుగా పెట్టి చూపిస్తానన్నా. ఆపైన ఎలా తీసుకెళ్తుందో చూస్తా" అంది. గమలీయేలు కోళ్ళిస్తానని మాటిచ్చాడట. పొద్దున చేతికొస్తే మధ్యాహ్నానికి వండేస్తుందట.

కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

అదారు 13. ఎస్తేరు పేర ఉపవాసం.

ఛీ.

విదేశాల నుంచి ఎవరో దాత వస్తున్నాడట. ఆ కోళ్ళన్నీ ఆయన గౌరవార్థం హాల్లో జరిగే విందుకట. జొహరా సంగతేంటని అడిగాను. "సాయంత్రం మిగిలింది డబ్బాల్లో పెడతాంలే. వెనక గుమ్మం దగ్గరికి రమ్మను. తిండి తిండే కదయ్యా" అన్నాడు.

పండుగ విందు పగలే తినాలి. పూరీంకు పేదల పేర పోగైంది పేదలకే, ఆ రోజే చేరాలి. అదే చెప్పాను. "నువ్వు చదివేది చదువు. పెట్టేది మేం చూసుకుంటాం" అని భుజం తట్టాడు. ఆ చెయ్యి పడిన చోట చొక్కా ఉతుక్కున్నాను.

అదారు 14

ప్రాకారాలు లేని ఊళ్ళన్నిటికీ పండుగ ఇవాళ, మా యెరూషలేముకు రేపు. గమలీయేలు సముద్ర తీరంలో ఉన్న కూతురింట్లో తింటున్నాడట. ఫోనెత్తడు.

అదారు 15, పొద్దున పదకొండు

ఇప్పుడే మందిరం నుంచి వచ్చాను.

మందిరం కిక్కిరిసింది. రాజులు, దూడలు, పోలీసులు, అన్ని పూరీం వేషాలూ ఉన్నాయి. గ్రంథపు చుట్టను ఆనవాయితీగా ఉత్తరంలా మడతలు పెట్టి చదవడం మొదలెట్టాను. హామాను పేరు వచ్చినప్పుడల్లా గిలక్కాయలు, టపాకాయలు, నేల అదిరేలా కాళ్ళు. ఎంత కోపమో చచ్చినవాడి మీద! ఆ కాళ్ళలో ఒక్కటైనా జొహరా గడప తొక్కిందా?

తొమ్మిదో అధ్యాయం. ఒకరికొకరు వంటకాలు పంపుకోవాలి, దరిద్రులకు కానుకలు ఇవ్వాలి అన్న వచనం.

అక్కడ ఆగాను.

చదువు మొదలయ్యాక ముగిసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మొత్తం వినకుండా ఎవరూ బయటికి పోకూడదు. మధ్యలో ఆగితే చదువు చెడదు, మాట్లాడితేనే తప్పు. గమలీయేలు కళ్ళెర్రజేశాడు. "ఊఁ... ఊఁ!" అని మూలిగాడు. నేను వంటగది తలుపు వైపు వేలు చూపించాను. దాత వాచీ చూసుకున్నాడు. ఆడవాళ్ళు కూర్చునే వైపు తెర పక్కకు జరిగింది. ఎక్కడో పసిపిల్ల ఏడ్చింది.

ఎలుగుబంటి వేషంలో ఉన్న కసాయి మీమూన్ లేచాడు. వెళ్ళి వంటగది తలుపు ముందు నిలబడి, రోమాల చెయ్యి చాపాడు. వెనకే ఒక రాజు. ఆ వెనక ఇద్దరు పోలీసులు. గమలీయేలు ముఖం బీట్‌రూట్‌లా అయింది. జేబులోంచి వంటగది తాళాలు తీసి నా చుట్ట పక్కన విసిరాడు.

మిగతాది చదివాను. నా గొంతు అంత బాగా ఎప్పుడూ పలకలేదు.

చివరి ఆశీర్వచనం అయ్యీ అవకముందే అందరూ ఒక్కసారి అరిచారు. "చదివేవాయనకు మధ్యలో ఏమైంది?" అని దాత అడిగితే మీమూన్, "ఏం లేదు సార్, గొంతులో ఎముక ఇరుక్కుంది. కోడి ఎముక" అన్నాడట. "వచ్చే ఏడు ఈ బల్ల దగ్గర ఎవడు నిలబడతాడో చూస్తా" అన్నాడు గమలీయేలు. చూసుకో.

ఎలుగుబంటి కోళ్ళ పెట్టె భుజానెత్తుకుని మా మెట్లెక్కింది. జొహరా అప్పటికే కొంగు బిగించి పొయ్యి వెలిగించి ఉంది.

అదారు 15, పొద్దు వాలుతోంది

అత్తగారు వచ్చింది. తింది. గిన్నెను రొట్టెతో తుడుచుకుని మరీ తింది. "ఉప్పు తక్కువైంది" అంది. ఇంకో గిన్నె అడిగింది. పిల్లల ఊసెత్తకుండా వెళ్ళిపోయింది.

తర్వాత జొహరా ఒక పళ్ళెం సర్ది నా చేతికిచ్చింది. కోడి, ఖర్జూరాల బిళ్ళలు. గమలీయేలుకట. వాడికా అని అరిచాను. "పేదది పంపకూడదని నీ చుట్టలో రాసుందా అన్నా? నా వంతు నేనూ పంపాలి. పొద్దు గుంకేలోపు ఇచ్చెయ్యి" అంది.

నాకు రోత. వాడి గుమ్మం, వాడి సోఫాలు, వాడి ముఖం. పళ్ళెం ఈ పుస్తకం పక్కనే చల్లారుతోంది. ఎదురు మేడ మీద ఎండ బెత్తెడే ఉంది.

కలం కింద పెట్టు నూరియేలూ. ఎవరి ముఖం చూస్తే నీకు రోతో వాడి తలుపే తట్టు. రేపు లేదు. లే.